ఇరవై నాలుగు మల్లె కొమ్మలు

కడియం పక్క ఊళ్లో పుట్టడం తప్ప మొక్కల విషయంలో నరసరాజుకు మరే అర్హతా లేదు. కడియం నర్సరీల పేరు తెలియని తెలుగువాడు ఉండడు. నరసరాజు మాత్రం చిన్నప్పుడు రాజమండ్రి బస్సు కిటికీలోంచి వాటిని చూసినవాడే తప్ప, దిగి ఒక్క మొక్కకు చెంబుడు నీళ్లు పోసినవాడు కాదు. నాన్న పోస్టుమాస్టరు. వాళ్ల పెరట్లో ఉన్నవల్లా ఒక సైకిలు, ఒక బట్టల దండెం. అయినా సరే, శంషాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాక కాలనీలో ఎవరి గులాబీకైనా పురుగు పట్టిందంటే చాలు, "ఆయ్, మాది కడియం పక్కనేనండి" అని మొదలుపెట్టేవాడు. ఇక ఆ తర్వాత ఏం చెప్పినా జనం తలలూపేవాళ్లు. తలలూపేవాళ్లు దొరికితే చెప్పేవాడికి అడ్డేముంది? కాలనీ వాట్సాప్‌లో 'పెరటి మిత్రులు' అని ఒక గ్రూపు పెట్టి, దానికి తనే పెద్దరికం వహించాడు.

ఈ సంగతంతా ఇప్పుడు ఆయనే నవ్వుతూ చెబుతాడు. మధ్యలో ఎవరైనా జాలిపడి "పోనీలెండి రాజుగారూ" అంటే ఒప్పుకోడు కూడా. "పూర్తిగా వినండి, ఇంకా సిగ్గుపడాల్సింది ముందుంది" అంటాడు.

ఆయన ఉద్యోగం చేసింది ఒక విమానాల కంపెనీలో, తప్పిపోయిన సామాన్ల విభాగంలో. బేగంపేటలో చేరాడు, ఎయిర్‌పోర్టు శంషాబాద్‌కు మారితే దాంతోపాటు తనూ మారాడు, రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు ఆయనకు నేర్పినవి రెండే. ప్రతి వస్తువుకూ చీటీ కట్టాలి. తెరిచి చూడనిదే దేన్నీ నమ్మకూడదు. పెట్టెల విషయంలో ఈ రెండూ మంచి అలవాట్లే. కానీ రిటైరైన మనిషి పెట్టెలను ఆఫీసులో వదిలేసి, అలవాట్లను మాత్రం ఇంటికి మోసుకొచ్చాడు.

గోడకు అవతలి ఇల్లు రాములమ్మది. చాలా కాలంగా ఆ ఊరివాళ్లే. పాత పెంకుటిల్లు, ముందు చిన్న పందిరి, పందిరి నిండా తీగమల్లె. ఎండాకాలం సాయంత్రాలు ఆ వాసన గోడ దాటి వచ్చి నరసరాజు వరండాలో కూర్చునేది. రోజూ గోడ మీద దోసెడు పూలు అరిటాకులో పెట్టి "మంగమ్మా, పూలు" అని కేకేసేది రాములమ్మ. నరసరాజు భార్య మంగాదేవి పరుగున వెళ్లి తెచ్చుకునేది.

జూన్ మొదటి వారంలో ఒకరోజు పూలతోపాటు ఒక కబురు కూడా గోడ మీదికి వచ్చింది.

"సారూ, దసరా ఎల్లంగనే మా ఇల్లు కూలగొడ్తున్నరు. మా కొడుకు జగదీశ్ మూడంతస్తులు లేపుతడట. గీ మల్లె ఉన్న కాడనే పిల్లర్ గుంత వస్తదట" అంది రాములమ్మ.

"అయ్యయ్యో! తీగను కాస్త పక్కకు జరపలేరా?"

"నలభై ఏండ్ల ఏరు సారూ, ఏడికి జరుగుతది? ఇల్లు పోతే పోనీ, పాతదే. గీ తీగ మా తల్లిగారి బావికాడిది. పెండ్లయి వచ్చేటప్పుడు అంటు దెచ్చుకున్న. ఆ బావి పోయింది, చెలక పోయింది. ఎయిర్‌పోర్టుల కలిసినయి. ఇప్పుడు మా అమ్మ కలుపు తీసిన కాడ ఇమానాలు దిగుతున్నయి. అమ్మ ఫోటో గూడ లేదు నా దగ్గర. ఇది ఒక్కటి పోయిందనుకో, ఇగ తల్లిగారి దిక్కు నాకు ఏం మిగలదు."

ఏడవకుండానే చెప్పింది. చెబుతూ తీగలో ఎండుటాకులు ఏరుకుంటోంది. నరసరాజుకు జాలి ముంచుకొచ్చింది. అక్కడ ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ జాలి ముంచుకొచ్చినప్పుడే ఆయన నాలుక ఎక్కువ ఆడుతుంది.

"మీరేం దిగులు పడకండి రాములమ్మగారూ. మాది కడియం పక్కనే కదండి. ఈ తీగ నుంచి ఇరవై నాలుగు మొక్కలు చేసి మీ చేతిలో పెడతాను."

"ఒక్కటి బతికితే సాలు సారూ."

"ఒక్కటేమిటండీ! ఇరవై నాలుగు!"

ఇరవై నాలుగే ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. డజన్లలో మాట్లాడితే నిపుణుడిలా ఉంటుందనిపించి ఉంటుంది. లోపల్నుంచి మంగాదేవి మాత్రం "చాల్లెండి సంబడం, మనింట్లో తులసే మూడుసార్లు ఎండింది" అంది, అవతలికి వినపడకుండా.

మర్నాడే పని మొదలైంది. పెన్సిలు లావు కొమ్మలు ఎంచి, కింది కొన ఏటవాలుగా కోసి, ఆకులు దూసి, ఇరవై నాలుగు పెరుగు డబ్బాల్లో గుచ్చాడు. గుచ్చేముందు ఒక వీడియోలో చెప్పినట్టు కలబంద గుజ్జు పూశాడు. ఇంకో వీడియోలో చెప్పినట్టు తేనె పూశాడు. మూడో వీడియోలో చెప్పినట్టు దాల్చినచెక్క పొడి అద్దాడు.

"కొమ్మలు నాటుతున్నారా, పాయసం వండుతున్నారా?" అని అడిగింది మంగాదేవి.

ఆయన పట్టించుకోలేదు. డబ్బా డబ్బాకూ పాత ఆఫీసు పసుపుపచ్చ చీటీ కట్టాడు. ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా అంకెలు, పక్కన తేదీ. వరసగా చెక్క మీద పెట్టి ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు.

మూడు రోజుల తర్వాత రైతుబజారు నుంచి వచ్చేసరికి పెరట్లో గోడవారగా, బచ్చలి పందిరి పక్కన, నల్లటి బట్టలుతికే బండ ఒకటి కనిపించింది. రాములమ్మ, జగదీశ్ చేతులు దులుపుకుంటూ నిలబడి ఉన్నారు. మంగాదేవి వాళ్లకు మంచినీళ్లు ఇస్తోంది.

"కింద కూసుని కూసుని నీ మోకాళ్లు పోతయి సారూ. గీ బండ మీద కూసో. కొత్తింట్ల వాషింగ్ మిషన్ పెడ్తరట, నాకెందుకిది?" అంది రాములమ్మ.

నరసరాజు మనసు కరిగిపోయింది. తన శ్రమను గుర్తించిన మనిషి ఈ లోకంలో ఒకరైనా ఉన్నారనుకున్నాడు. "అలా మెట్ల దగ్గర, నీడలో వేసుకుందామండీ" అన్నాడు.

"వద్దొద్దు. గీడ గోడకు ఆనుకోవచ్చు. జర గట్లనే ఉండనీ, జరపకు. నడుం పట్టుకుంటది."

ఆమె అంత గట్టిగా చెప్పడంతో సరేనన్నాడు. నడుం మీద ఆయనకూ ప్రేమ ఉంది.

అప్పటి నుంచి పొద్దున కాఫీ ఆ బండ మీదే, సాయంత్రం టీ ఆ బండ మీదే. కాఫీ తాగుతూ తనిఖీ. తనిఖీ అంటే మరేం లేదు. ఒకటో నంబరు కొమ్మను మెల్లగా పైకి లాగడం, మట్టి కడగడం, భూతద్దం పెట్టి వేరు మొలిచిందా అని చూడటం, మొలవలేదని నిట్టూర్చి మళ్లీ గుచ్చడం. తర్వాత రెండో నంబరు. ఇలా ఇరవై నాలుగు. తెరిచి చూడనిదే నమ్మకూడదు కదా.

ఒకరోజు గోడ మీంచి రాములమ్మ తొంగిచూసింది. "సారూ, దినాం గట్ల పీకుతవేంది?"

"పీకడం కాదండీ, పరీక్ష."

"అగో!" అని ఆమె ముక్కున వేలేసుకుంది. ఆయన లేవబోతుంటే మాత్రం "కూసో సారూ, కూసో, ఎందుకు లేస్తవు" అంది. ఎంత మర్యాద, అనుకుని ఇంకో అరగంట కూర్చున్నాడు.

పది రోజులకు కొమ్మలన్నీ చిగురించాయి. ఒక్కోదానికి రెండేసి లేతాకులు. నరసరాజుకు కాళ్లు భూమ్మీద ఆనలేదు. 'రాములమ్మగారి మల్లె బతికింది. ఇరవై నాలుగుకు ఇరవై నాలుగు' అని గ్రూపులో పెట్టాడు. నలభైమంది చప్పట్ల బొమ్మలు పంపారు. మైలార్‌దేవ్‌పల్లి నుంచి ఒకాయన ఫోన్ చేసి, మీరొచ్చి మా కాలనీవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి సార్ అని పిలిచాడు. వెళ్లాడు. శాలువా కప్పితే కప్పించుకున్నాడు కూడా.

కొమ్మలో మిగిలి ఉన్న పసరుతోనే ఆ రెండు ఆకులూ వస్తాయని, వేరు లేకపోయినా వస్తాయని ఆ శాలువా కప్పుకున్న పెద్దమనిషికి తెలియదు. శ్రావణం నాటికి ఆకులు పండుబారి రాలడం మొదలైంది. వినాయకచవితికి ఆరు మిగిలాయి. నీళ్లు తక్కువయ్యాయేమోనని ఎక్కువ పోశాడు. ఎక్కువయ్యాయేమోనని మానేశాడు. రోజుకు ఒకసారి చేసే తనిఖీ రెండుసార్లయింది.

ఈ చిరాకులో ఆయనకు పక్కనున్న మంగాదేవి మీద కూడా కోపం వచ్చేది. రోజూ ఆయన కూర్చున్న బండ పక్కనే బియ్యం కడిగిన నీళ్లు కుమ్మరించేది. లుంగీ మీద బురద చిందేది.

"ఆ నీళ్లేవో అటు పోయకూడదా?"

"బచ్చలికి పోస్తున్నానండీ. కాస్త కాళ్లు పైకెత్తండి" అనేది.

ఆ బచ్చలి పందిరిలో ఒక తీగకు ఆకులు సన్నగా, పొడుగ్గా ఉండటం ఒకసారి ఆయన కంట పడకపోలేదు. తుంచబోతే మంగాదేవి వంటింట్లోంచి "ముట్టుకోకండి! అది రేపు పప్పులోకి!" అని పెద్ద కేక వేసింది. నరసరాజు ఊరుకుని, దాన్ని ఫోటో తీసి, 'మా పెరట్లో బచ్చలిలో కొత్త రకం. హైబ్రిడ్' అని గ్రూపులో రాశాడు. ఇప్పటికీ కాలనీలో ఎవరైనా ఆయన్ని ఏడిపించాలంటే "హైబ్రిడ్ బచ్చలి ఎలా ఉందండీ?" అంటారు.

బతుకమ్మ రోజుల్లో పదిహేడో నంబరు ఒక్కటే మిగిలింది. దానికి ఒకే ఆకు. నరసరాజు దానికి ఎండ తగలకుండా గొడుగు పట్టాడు. చివరికి ఉండబట్టలేక ఒక పొద్దున పైకి తీశాడు. కొన నల్లగా కుళ్లి, వేళ్ల మధ్యే మెత్తగా విడిపోయింది. ఆయన అలాగే బండ మీద కూలబడ్డాడు. పైన ఒక విమానం చక్రాలు దించుకుని వెళుతోంది. అది దిగేచోటే రాములమ్మ తల్లి కలుపు తీసేది. నోటి దురద కొద్దీ ఒక ఆడమనిషికి ఉన్న ఒక్క పుట్టింటి గుర్తును తీసుకుని, నాలుగు నెలలపాటు రోజూ కొంచెం కొంచెంగా చంపాను అనుకున్నాడు. కడియం పేరు ఎత్తితే చెప్పుచ్చుకుని కొట్టాలి నన్ను, అనుకున్నాడు.

అప్పుడైనా వెళ్లి చెప్పాడా? లేదు. చేసిన తెలివితక్కువ పని చాలదన్నట్టు ఇంకో పని చేశాడు. స్కూటరేసుకుని షాద్‌నగర్ రోడ్డులో ఒక నర్సరీకి వెళ్లి, మోకాలెత్తు మల్లెమొక్క ఒకటి కొన్నాడు. దారిలోనే దాని నల్లకవరు విప్పి పారేశాడు. ఇంటికొచ్చి మట్టికుండీలో పెట్టి, పదిహేడో నంబరు చీటీ దానికి కట్టాడు. ముప్పై నాలుగేళ్లలో ఒకరి పెట్టె చీటీ తీసి ఇంకొకరి పెట్టెకు ఎన్నడూ కట్టని మనిషి.

ఇల్లు పడగొట్టే రోజుకు ముందురోజు సాయంత్రం దాన్ని తీసుకెళ్లి రాములమ్మ చేతిలో పెట్టాడు. "ఇరవై నాలుగు కాలేదండీ, ఒక్కటి బతికింది" అన్నాడు, ఎటో చూస్తూ.

రాములమ్మ ఒక ఆకు పట్టుకుని వేలితో రాసింది. ఆయన మొహం చూసింది. "మంచిగున్నది సారూ. మస్తు కష్టపడ్డవు" అంది.

ఆ మాటతో నరసరాజుకు అన్నం సయించలేదు. మంగాదేవి రెండుసార్లు అడిగింది, కడుపులో బాగాలేదన్నాడు.

తెల్లారి తొమ్మిదింటికి జేసీబీ వచ్చింది. సామానంతా ముందురోజే కిరాయి ఇంటికి చేరింది. మొదట పెంకులు, తర్వాత గోడలు, తర్వాత పందిరి. తీగ పందిరితోపాటు మొదలంటా లేచి, దుమ్ములో అడ్డంగా పడింది. వీధిలో జనం మధ్య రాములమ్మ ఆ నర్సరీ మొక్కను చంకన పెట్టుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు నిలబడి చూస్తోంది. అది చూడలేకపోయాడు నరసరాజు. నలుగురూ ఉన్నారని కూడా చూడకుండా ముందుకు వెళ్లాడు.

"రాములమ్మగారూ, అది మీ మల్లె కాదు. నర్సరీలో కొన్నాను. మీ కొమ్మలన్నీ చచ్చిపోయాయి. నేనే చంపాను. నాకు మొక్కల గురించి ఏమీ తెలియదు. మా ఊరు కడియం పక్కన ఉన్న మాట నిజం, అంతే. నన్ను క్షమించండి." కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎరుకే సారూ" అంది రాములమ్మ.

"ఏమిటి?"

"ఇది మా మల్లె కాదని ఎరుకే. మా దాని ఆకు సన్నగ, పొడుగు ఉంటది. దీనిది గుండ్రం. చేతుల పెట్టంగనే తెలిసింది."

"మరి బాగుందన్నారే!"

"మంచిగనే ఉన్నది కదా? ఇది మల్లెచెట్టు గాదా ఏంది? గంత పరేషాన్ అయి తెచ్చినవు, నీ మొకం మీద ఏమంట?" మొక్కను జగదీశ్ చేతికిచ్చి, "పా, మీ ఇంటికి పోదాం. నువ్వు బతికించింది సూపెడ్త" అని ముందు నడిచింది.

తను బతికించినదా? నరసరాజు ఏమీ అర్థంకాక వెనకాలే వెళ్లాడు. పెరట్లో మంగాదేవి అప్పటికే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కాఫీ గ్లాసు ఇంకా బండ మీదే ఉంది. రాములమ్మ గ్లాసు తీసి పక్కన పెట్టి, "లేపు బిడ్డా" అంది. జగదీశ్ కుండీ దించి, బండను మెల్లగా ఎత్తాడు.

కింద చల్లటి నల్లమట్టి. రాములమ్మ కూర్చుని వేళ్లతో పైపైన గీకింది. గోడ అడుగున నీళ్లు పోయే తూములోంచి ఇవతలికి వచ్చిన గోధుమరంగు తీగ బయటపడింది. దాని కణుపు కణుపుకూ తెల్లటి వేళ్లు, సేమ్యాల్లా, గుత్తులు గుత్తులుగా మట్టిని పట్టుకుని ఉన్నాయి. తూము దగ్గర తీగను తల్లి నుంచి తెంపిన గాటు ఎండిపోయి కనిపిస్తోంది. అటు చివర బచ్చలి పందిరి మీద, సన్నటి పొడుగాటి ఆకులతో, హైబ్రిడ్ బచ్చలి.

"నువ్వు బజారుకు పోయిన దినం తూముల నుంచి తీగ ఇటు దోపి, జర తొక్క గీకి, మట్టిల తొక్కి, బండ పెట్టిన. ఏర్లొచ్చినంక మొన్న ఎనిమిది దినాల కింద అవతల తెంపిన. మా అమ్మ గిట్లనే చేసేది" అంది రాములమ్మ.

నరసరాజు భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"నాలుగు నెలలుగా బియ్యం కడుగు పోస్తున్నది మరెవరనుకున్నారు?"

"ఒక్కమాట చెప్పొచ్చు కదా!"

"చెబితే మీరు బండ ఎత్తి చూడకుండా ఉండేవారా?"

నిజమే. ఉండేవాడు కాదు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఎత్తి చూసేవాడు. ఇరవై అయిదో నంబరు చీటీ కూడా కట్టేవాడు.

"అంటు మీద బరువుండాలె, కింద కదలొద్దు సారూ. పొద్దుగాల గంట, మాపటికి గంట నువ్వు కూసున్నవు. గందుకే గింత గట్టిగ పట్టుకున్నది" అంది రాములమ్మ. అందులో వెక్కిరింత ఎంతో, మెచ్చుకోలు ఎంతో ఆయనకు ఇప్పటికీ తేలలేదు. ముందు చెవులు కాలాయి. తర్వాత నవ్వొచ్చింది. మొత్తం శంషాబాద్‌లో తన వల్ల బతికిన ఏకైక మొక్క తను చెయ్యి పెట్టకుండా కేవలం కూర్చున్న మొక్క! నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ తీగ బతికినందుకు ఆయనకు పట్టలేనంత సంతోషంగా ఉంది.

"జాగ్రత్తగా తవ్వి కొత్తింటికి తీసుకెళ్దాం" అన్నాడు.

"కొత్తింట్ల మట్టి ఏడున్నది? గేటు దాంక సిమెంటే. ఆ నర్సరీ చెట్టంటే కుండీల ఉంటది. ఇది కుండీల ఇమడదు. గీడనే పెరగనీ. పూలు నేనొచ్చి తెంపుకుంట."

నరసరాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. "నా దగ్గరా? రాములమ్మగారూ, నేను ఇరవై నాలుగు చంపానండీ!"

"ఇరవై నాలుగు సంపినోనివి, ఇగ ఇరవై అయిదోదాన్ని ముట్టవు" అందామె, చాలా మామూలుగా.

ఆ మాట అంటుండగానే ఆయన చెయ్యి తనంతట తనే కిందికి వెళ్లింది. ఒక చిన్న వేరు మట్టిలోకి ఎంతవరకు దిగిందో కాస్త కదిపి చూద్దామని. "ముట్టకు!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు. నరసరాజు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

రాములమ్మ తీగ వేళ్ల మీదికి మళ్లీ మట్టి లాగి, అరచేత్తో నొక్కింది. అప్పుడు ఆయన మొహమాటంగా అడిగాడు. "చీటీ ఒక్కటి కట్టొచ్చా? నేను కట్టను. రాసిస్తాను, మంగ కడుతుంది."

"ఏం రాస్తవు?"

"సామాను ఎవరిదో రాయాలి కదండీ. అమ్మగారి పేరు?"

రాములమ్మ చేతికంటిన మట్టి దులుపుకుంది. ఆ పేరు ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో. "భారతమ్మ" అంది చివరికి.

నరసరాజు పసుపుపచ్చ చీటీ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. అంకె వెయ్యలేదు. మంగాదేవి దాన్ని తీగకు వదులుగా కట్టింది. చదువురాని రాములమ్మ ఆ చీటీని బొటనవేలితో తడిమింది.

"ఏం రాసినవో సదువు సారూ."

"భారతమ్మగారి మల్లె" అని చదివాడు.

పైన విమానం మోత. ఆమె అది పోయేదాకా ఆగి, "ఇనరాలె. మళ్లొక్కసారి సదువు" అంది.

నరసరాజు చేతులు వెనకే ఉంచుకుని, గట్టిగా మళ్లీ చదివాడు.